తిరిగివ్వాల్సిన రొట్టె

1997 మే నెల. నెల్లూరు ఎండ సంగతి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో, నెత్తిన కొంగు కప్పుకుని, మా అత్తమ్మ పక్కన నిలబడి ఉన్నాను. గట్టున బారాషహీద్ దర్గా, సాంబ్రాణి పొగ, జనం. నీళ్లలో ఎటు చూసినా కేకలే. "సంతానం రొట్టె ఎవరి దగ్గరుంది తల్లీ?" "పెళ్లి రొట్టె ఇక్కడ, పెళ్లి రొట్టె!" "చదువు రొట్టె కావాలమ్మా మా పిల్లోడికి!"

మా రొట్టెల పండగ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మొహర్రం రోజుల్లో జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు ఆ చెరువు నీళ్లలో నిలబడి, అదే కోరిక తీరి వచ్చినవాళ్ల చేతి నుంచి రొట్టె పుచ్చుకుని తింటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. హిందువా ముస్లిమా అని ఆ నీళ్లలో ఎవరూ అడగరు. మా అత్తమ్మ రోజూ రంగనాయకులస్వామికి దణ్ణం పెట్టుకునే మనిషి. రొట్టెల పండగ నాడు మాత్రం అందరికంటే ముందు చెరువులోకి దిగేది ఆవిడే.

నాకు కావలసింది ఉద్యోగం రొట్టె, మావారి కోసం. చాలాసేపు అడగ్గా అడగ్గా ఒక పెద్దాయన దొరికాడు. పంచె ఎగ్గట్టి, గుడ్డసంచిలోంచి రొట్టె తీసి నా చేతిలో పెట్టాడు. గోధుమ రొట్టె, ఒక అంచు కాస్త మాడింది. ఆయన తడి చేతుల్లోంచి నా తడి చేతుల్లోకి వచ్చేసరికి మెత్తబడిపోయింది. "మావోడికి ఉద్యోగం వచ్చిందమ్మా. మీకూ వస్తది. వచ్చే ఏడు తెచ్చి ఇయ్యడం మర్చిపోబాక" అన్నాడు. అక్కడే నిలబడి తిన్నాను.

ఉద్యోగం మూడు నెలల్లో వచ్చింది. రొట్టె మాత్రం పన్నెండేళ్ల దాకా తిరిగి ఇవ్వలేకపోయాను.

ఉద్యోగం కోసం చెరువులో నిలబడే దశ ఎందుకొచ్చిందో చెప్పాలి. 90ల మొదట్లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య అంటే బంగారం. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఎటు పోయినా వరి మళ్లు రొయ్యల గుంటలయ్యాయి. మావారు ఎమ్మెస్సీ జువాలజీ చదివి, ఒక హేచరీలో, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే చోట, టెక్నీషియన్‌గా రెండేళ్లు చేసి, స్నేహితులతో కలిసి మైపాడు వైపు గుంటలు లీజుకు తీసుకున్నారు. మొదటి పంట 30 కౌంటు వచ్చింది, అంటే కిలోకి ముప్పై రొయ్యలు. నా నల్లపూసల గొలుసు ఆ పంటదే.

1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. ఆ రాత్రి నేనూ గట్టు మీదే ఉన్నాను. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. తెల్లవారుజామున రొయ్యలు గట్టువారకు వచ్చి నీరసంగా తిరుగుతున్నాయి. ఆయన ఒకదాన్ని పట్టుకుని, తల మీది పెంకు ఒలిచి, టార్చిలైటు ముందు పెట్టి చూశారు. ముగ్గుచుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. ఏమీ మాట్లాడకుండా ఆ పెంకును నా అరచేతిలో పెట్టారు. వారం తిరక్కుండా చెరువు చెరువంతా పోయింది. మళ్లీ వేశాం, మళ్లీ పోయింది. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువులు తీసేయాలని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పటికి నల్లపూసల గొలుసు కూడా ఇంట్లో లేదు. ఆ రోజుల్లో నెల్లూరులో ఏ వీధికి వెళ్లినా ఇదే కథ.

కోర్టు చెప్పింది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు. మా నాయన ఊళ్లో గుంటలు వచ్చాక చేదబావి నీళ్లు ఉప్పెక్కాయి. తాగేనీళ్లు బిందెలతో మోసిన చేతులు మా అమ్మవి. ఒక ఇంట్లో అల్లుడి గుంటలు, అత్తగారి ఉప్పునీళ్ల బావి. మా అమ్మ ఆ మాట మావారితో ఒక్కసారి కూడా అనలేదు.

థాయ్‌లాండ్‌లో రొయ్యల పని తెలిసినవాళ్లు కావాలని ఒక మిత్రుడి ద్వారా కబురు వచ్చింది. జీతం బాట్లలో. మాట అనుకున్నప్పుడు బాటు అంటే మన లెక్కలో రూపాయి నలభై పైసల దాకా. అప్పులు ఎన్ని నెలల్లో తీరతాయో కాగితం మీద లెక్క వేసుకున్నాం. జులై 2న వాళ్ల ప్రభుత్వం బాటు విలువను పడిపోకుండా నిలబెట్టడం మానేసింది. లెక్క తలకిందులైంది. మేము ఆగస్టులో పినాకిని ఎక్కి మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి విమానమెక్కాం. తర్వాతి సంక్రాంతి నాటికి బాటు ముప్పావలాకి వచ్చింది. అప్పు అంతే ఉంది, జీతం సగమైంది. అయినా ఆ కాగితం చాలాకాలం నా బియ్యపు డబ్బాలోనే ఉంచుకున్నాను.

బ్యాంకాక్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారి నఖోన్ సి థమ్మరాట్. ఆ పేరును నెమ్మదిగా పలికి చూడండి. నగర శ్రీ ధర్మరాజ! మావారు స్టేషన్ బోర్డు చూపించి ఈ సంగతి చెప్పినప్పుడు నాకు కాస్త ప్రాణం కుదుటపడింది. మా కాపురం అక్కడికి దగ్గర్లోని పాక్ ఫనాంగ్ అనే ఊళ్లో, నది సముద్రంలో కలిసే చోట. ఊరి మధ్య కిటికీలు లేని నాలుగైదంతస్తుల మేడలు ఉంటాయి. మనుషుల కోసం కాదు, పిట్టల కోసం. ఆ పిట్టలు ఎంగిలితో కట్టే గూళ్లను చైనావాళ్లు ఎంతో ఖరీదుకు కొంటారు. పిట్టలు రావడానికి పొద్దస్తమానం పిట్టకూతల టేపు పెడతారు. ఆ కూతలకు నాకు మొదటి నెలంతా నిద్ర పట్టలేదు. తర్వాత సెలవుకి నెల్లూరు వచ్చినప్పుడు అవి వినపడక నిద్ర పట్టలేదు.

మొదటిరోజు బజారుకి వెళ్తే ఏ కూరా తెలియదు, ఏ మాటా అర్థం కాదు. ఏడుపు ఒక్కటే తక్కువ. చేపల వరసలో ఒక ప్లాస్టిక్ తొట్టిలో నల్లగా, పాము తలతో, ప్రాణంతో ఎగిరిపడుతూ కనపడింది కొరమేను! సాక్షాత్తూ మన చెరువు కొరమేను. వాళ్లు ప్లా చోన్ అంటారు. నేను దాని ముందు నిలబడి తెలుగులో "కొరమేనూ, నువ్విక్కడున్నావా" అన్నాను. అమ్మే మనిషి నవ్వి, అక్కడే కొట్టి, పొలుసు తీసి, ముక్కలు చేసి ఇచ్చింది.

ఆ సాయంత్రం సూట్‌కేసులో తెచ్చుకున్న చింతపండు, గుంటూరు కారంతో పులుసు పెట్టాను. మామిడికాయ అక్కడ ఎప్పుడూ దొరుకుతుంది. ఇంటావిడకి గిన్నెలో పోసి ఇస్తే, వాసన చూసి, వెంటనే వాళ్ల కుండలోంచి తీసి నాకు ఒక గిన్నె ఇచ్చింది. గేంగ్ సోమ్. పసుపు పచ్చగా, పులుపు, కారం, చేపముక్కలు, వెదురు మొలకలు. నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికి కాదు. మన పులుసుకి దాయాది అది. మన పులుసు మర్నాడైతే రుచి ఇంకా పెరుగుతుందని నేను సైగలతో చెప్పబోతే, ఆవిడ తన కుండ చూపించి అదే సైగ చేసింది.

ఆవిడకి అప్పటికి అరవై దాటాయి. భర్త లేడు. కింద ఆవిడ, పైన మేము. మమ్మల్ని చూసి వీధిలో వాళ్లు "ఖేక్, ఖేక్" అనేవాళ్లు. ఇండియా వాళ్లని అలా అంటారని తెలిసి నాకు మొదట్లో మనసు చివుక్కుమనేది. కొన్ని నెలలకి భాష కాస్త వచ్చాక, ఇంటికి చుట్టాలొస్తే ఇంటావిడ కూడా "ఖేక్ వచ్చారు" అంది. ఖేక్ అంటే అతిథి అనే అర్థం కూడా ఉందట! ఆ రోజు నుంచి వీధిలో ఎవరు ఖేక్ అన్నా నవ్వి నమస్కారం పెట్టేదాన్ని. బ్యాంకాక్ సీలోమ్ రోడ్డులో తమిళులు కట్టిన మారియమ్మన్ గుడి ఉంది. దాన్ని కూడా అక్కడివాళ్లు వాట్ ఖేక్ అనే పిలుస్తారు. అతిథుల గుడి అని నేను మనసులో చదువుకునేదాన్ని.

మాటలు అలా ఒక్కొక్కటే చేరువయ్యాయి. భాషను ఫాసా అంటారు, ఆహారాన్ని ఆహాన్, వేళను వేలా. ఇంటావిడ మావారిని చూపించి "సామీ?" అని అడిగితే, దేవుడి గురించి అడుగుతోందేమో అనుకున్నాను. భర్తను వాళ్లు సామీ అంటారు, మన స్వామే. నాకు బాగా నచ్చింది వాళ్ల వరసలు. మనకి అమ్మమ్మ వేరు, నాయనమ్మ వేరు అయినట్టే వాళ్లకీ యాయ్ వేరు, యా వేరు. అమ్మమ్మ వరస యాయ్. ఇంటావిడని నేను యాయ్ అనడం మొదలుపెట్టింది ఎప్పుడో గుర్తు లేదు కానీ, ఎందుకో మాత్రం బాగా గుర్తుంది.

1999లో నేను కడుపుతో ఉన్నాను. మా అమ్మకి పాస్‌పోర్టు సమయానికి చేతికి రాలేదు. నన్ను ఇంటికి పంపించాలంటే అప్పులింకా తీరలేదు. ఆగస్టులో నఖోన్ ఆస్పత్రిలో మగపిల్లవాడు పుట్టాడు. మూడోరోజు ఇంటికి వచ్చాం. మావారు రాత్రి చెరువుల మీద ఉండాలి, తెల్లవారక ముందు నీళ్లలో ఆక్సిజన్ తగ్గే వేళే రొయ్యకు గండం. నేను, ఒళ్లో బిడ్డ, పైన రేకుల మీద వాన. అమ్మ ఉంటే కుంపటి పెట్టేది, సాంబ్రాణి వేసేది, కాయం తినిపించేది అనుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్నాను.

యాయ్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో చిన్న మట్టికుండ, గుడ్డలో చుట్టి ఉంది. కుండ నిండా ఉప్పు. ఆ ఉప్పు కుండను బొగ్గుల మీద చిటపటలాడేదాకా కాచి, ఏవో ఆకులు పరిచి, గుడ్డ చుట్టి నా పొట్ట మీద, నడుం మీద అద్దింది. ఉప్పు పేలే చప్పుడు కుండలోపల సన్నగా వినపడుతూనే ఉంది. వేడి చర్మాన్ని దాటి ఎముకలోకి దిగుతున్నట్టు ఉండేది. ఎంత వేడిగా ఉందో ముందు తన ముంజేతి మీద పెట్టి చూసుకునేది, తర్వాతే నాకు. ఆ ముంజేతి మీద ఎర్రటి గుండ్రటి మరక ఉండిపోయింది. బిడ్డకు పాలు పడాలని అరటిపువ్వు వేసి చారులాంటిది కాచింది. "మా అమ్మ నన్ను ఇట్లాగే పడుకోబెట్టింది, నేను నా కూతుర్ని ఇట్లాగే పడుకోబెట్టాను" అంది. నాకు అప్పటికి వచ్చిన భాషంతా కలిపినా ఆవిడకి ఏం చెప్పాలో తెలియలేదు. "యాయ్" అన్నాను. అంతే.

నెల తిరిగాక ఒక సాయంత్రం మా ఇంటి ముందు వెదురుతో పందిరి వేశారు, తెల్లగుడ్డ కట్టారు. చూద్దును కదా, తోలుబొమ్మలాట! నాంగ్ తలుంగ్ అంటారు. ఆ ప్రాంతంలో మహా గొప్ప కళ. మన బొమ్మల కంటే చిన్నవి. మన ఆటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఎలా నవ్విస్తారో, వాళ్ల ఆటలోనూ అలాంటి నవ్వించే బొమ్మలు వస్తాయి, ఆ బొమ్మలకి నోళ్లు కూడా కదులుతాయి. మావారు ఆ రాత్రి చెరువు పని ఇంకొకరికి అప్పచెప్పి వచ్చారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో తెల్లవార్లూ చూసిన ఆటలు చెబుతూ, మాటలు సగం అర్థం కాకపోయినా పగలబడి నవ్వారు. రొయ్యలు పోయిన తర్వాత ఆయన అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఎవరు ఆడిస్తున్నారు, ఎందుకు అని పక్కింటామెను అడిగాను. యాయ్ ఆడిస్తోందట. పరాయిదేశం పిల్ల, తల్లి దగ్గర లేదు, కాన్పు సుఖంగా జరగాలని మొక్కుకుందట. జరిగింది కాబట్టి మొక్కు తీరుస్తోంది. బొమ్మలాట ఆడించడమో, నోరా నాట్యం చేయించడమో అక్కడ మొక్కు తీర్చే పద్ధతి. దాని కోసం ఆవిడ దాచుకున్న డబ్బు తీసింది.

ఆ రాత్రి నాకు నా రొట్టె గుర్తుకొచ్చింది. రెండేళ్లు దాటింది. మర్నాడు యాయ్‌కి అంతా చెప్పాను. చెరువు, రొట్టె, మాడిన అంచు, పెద్దాయన మాట. ఆవిడ మొహం గంభీరమైపోయింది. "మరి తీర్చలేదా?" అంది. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఒకసారైనా అడిగేది. ప్రతి ఏడూ లేదనే చెప్పేదాన్ని. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మాకు సెలవు దొరికినప్పుడు పండగ అయిపోయేది, పండగ నాటికి చెరువుల్లో పిల్ల వేసే అదను. నా బదులు అత్తమ్మ ఇస్తానంది. తిన్నది నేను, ఇవ్వాల్సిందీ నేనే అని నేనే ఒప్పుకోలేదు.

మా వాడి పుట్టుకను నమోదు చేయించడానికి చంటివాడిని ఎత్తుకుని రాత్రి రైల్లో బ్యాంకాక్ మన ఎంబసీకి వెళ్లాం. జనన ధ్రువపత్రంలో పుట్టిన ఏడు 2542 అని ఉంటుంది. బుద్ధుడి శకం, మన లెక్కకి 543 కలుపుకోవాలి. పదేళ్ల తర్వాత నెల్లూరులో స్కూల్లో చేర్పించేటప్పుడు ఆ కాగితం పట్టుకుని మూడు రోజులు తిప్పారు. చివరికి పెద్ద టీచరు ఒకావిడ ఓపికగా విని, కాగితం మీద తన చేత్తోనే కూడికా తీసివేతా చేసి సంతకం పెట్టింది.

వీసా కోసం కొన్నిసార్లు మలేషియాలోని పెనాంగ్ వెళ్లేవాళ్లం. హాట్ యాయ్ మీదుగా సరిహద్దు దాటి, బటర్‌వర్త్‌లో ఫెర్రీ ఎక్కితే జార్జ్‌టౌన్. మాకు అదే విహారయాత్ర. అక్కడి లిటిల్ ఇండియాలో కరివేపాకు, మినప్పప్పు కొనుక్కునేవాళ్లం. ఒకసారి పప్పుల కొట్లో మేమిద్దరం బేరమాడుకుంటుంటే, వెనకనుంచి "తెలుగోళ్లా?" అని వినపడింది. డెబ్బై ఏళ్ల ముసలమ్మ. వాళ్ల అవ్వ ఎస్టేటు పనికి ఓడెక్కి వచ్చిందట. ఇంటికి రమ్మని పట్టుబట్టింది. మాట తెలుగే, కానీ మధ్య మధ్య మలయ్ మాటలు, తమిళ మాటలు. రాయడం, చదవడం ఇంట్లో ఎవరికీ రాదు.

లోపలికి వెళ్లి ఒక ఇత్తడి చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. చింతపండుతో తోమి తోమి తళతళలాడుతోంది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు, మన ఇళ్లలో పెళ్లి గిన్నెల మీద కొట్టించే పేర్లలాగే. "ఇది మా అవ్వది. ఇక్కడ ఏం రాసుందో చెప్తావా అమ్మా?" అంది. సగం అరిగిపోయాయి. వెలుతురుకి తిప్పి, వేలితో తడుముతూ చదివాను. ఒక ఆడమనిషి పేరు, అంతే. ఊరు లేదు, తేదీ లేదు. ఆవిడ ఆ పేరు నాచేత మూడుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారి తనే అంది. వాళ్ల అవ్వని అందరూ ముసల్దానా అనీ అమ్మీ అనీ పిలవడమే తప్ప, అసలు పేరు ఇంట్లో ఎవరికీ తెలియదట.

తిరుగు ఫెర్రీలో మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వీడికి తెలుగు రాయడం నేర్పించాలి" అన్నారు. మా వాడికి అప్పుడు మూడేళ్లు. ఆ రాత్రే సత్రం గదిలో పాత కవరు వెనక అ ఆ లు రాసిచ్చాను.

పాక్ ఫనాంగ్‌లో కూడా మన గొడవే. ఒకప్పుడు వరికి పేరుపడ్డ నేల. గుంటలు వచ్చి ఉప్పునీళ్లు ఎక్కి, వరి రైతుకీ రొయ్యల రైతుకీ పడేది కాదు. ఉప్పునీరు పైకి రాకుండా 1999లో నదికి అడ్డంగా పెద్ద తలుపులు కట్టారు. మావారు వాటిని చూసి వచ్చిన రోజు మా అమ్మ బావి సంగతి మొదటిసారి ఎత్తారు. "మీ అమ్మకి నేను మంచినీళ్ల బాకీ" అన్నారు. ఆ ఏడు పంపిన డబ్బులోంచి నాయన ఊళ్లో ఇంటికి దూరంగా, తీపి నీళ్లు పడేచోట బోరు వేయించాం.

2002లో అండమాన్ సముద్రం వైపు ఫాంగా ప్రాంతానికి మారాం. అప్పటికి థాయ్‌లాండ్ అంతా టైగర్ వదిలేసి వనామీ రొయ్యకు మళ్లుతోంది. మావారికి హేచరీలో పని. హేచరీకి శుభ్రమైన సముద్రపు నీరు కావాలి కాబట్టి అన్నీ తీరాన్ని ఆనుకునే ఉంటాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

2004 డిసెంబరు 26, ఆదివారం, పౌర్ణమి. యాయ్‌కి మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయంటే పిల్లవాణ్ణి తీసుకుని ముందురోజే పాక్ ఫనాంగ్ వెళ్లాను. తల్లి రొయ్యలు రాత్రి గుడ్లు పెట్టాయని ఆయన ఉండిపోయారు. పొద్దున పది దాటాక సముద్రపు నీటి మోటారు శబ్దం మారిందట. నీరు కాదు, గాలి లాగుతోంది. పైపు పగిలిందేమోనని పంపు గది తాళంచెవి తీసుకుని బయటికి వస్తే, సముద్రం లేదు. పడవలు ఇసుకలో పక్కకి ఒరిగి ఉన్నాయి. చేపలు ఎగిరిపడుతున్నాయి. కూలీల పిల్లలు బుట్టలు పట్టుకుని ఏరుకోవడానికి పరిగెత్తారు. ముసలి వాచ్‌మన్ ఒకతను, పుట్టి పెరిగిందంతా ఆ ఒడ్డునే, గొంతు పగిలేలా అరిచాడట. పిల్లల్ని జబ్బలు పట్టి లాక్కొచ్చి, అందరినీ ఒక పికప్‌లో కుక్కి, వెనక రబ్బరు తోటల గుట్ట ఎక్కారు. వెనక్కి తిరిగి చూస్తే హేచరీ పైకప్పు కూడా కనపడలేదట.

ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసింది టీవీలో ఫాంగా పేరు, పలకని ఫోను. మధ్యాహ్నం దాటాక యాయ్ ఇంటి ఫోను మోగింది. నెల్లూరు నుంచి అమ్మ. "అబ్బయ్య యాడుండాడు?" అని అమ్మ అరుస్తోంది. నేను "నాయన యాడుండాడు?" అని అరుస్తున్నాను. అప్పటికే టీవీలో మన తీరం కూడా చూపిస్తున్నారు. ఒకే పొద్దున ఒకే సముద్రం రెండు ఒడ్లకీ వెళ్లింది. "నాయన బాగుండాడు. పున్నమి స్నానానికి పోదామని బయల్దేరి, కళ్లజోడు మర్చిపొయ్యి ఎనక్కొచ్చినాడు. సముద్రం ఊళ్లోకి వచ్చి పొయ్యింది" అంది అమ్మ. తర్వాత లైను తెగిపోయింది.

మర్నాడు రాత్రి ఆయన వచ్చారు. కాళ్లకి చెప్పుల్లేవు, బట్టలు బురదకి అట్టకట్టి ఉన్నాయి. యాయ్ ఏమీ అడగకుండా కాళ్ల మీద నీళ్లు పోసింది. ఆయన గుప్పిలి విప్పమంటే విప్పారు. పంపు గది తాళంచెవి. ఆ గది లేదు, గోడలు లేవు, చెవి మాత్రం అరచేతిలో అచ్చుపడి ఉంది. థాయ్‌లాండ్‌లో 5,000 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆ ఒడ్డునే. అందులో మేము రోజూ పలకరించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల గురించి ఇంతకంటే రాయలేను.

వెంటనే వచ్చేయమని ఇంటి దగ్గర అందరూ అన్నారు. మేము రాలేదు. మమ్మల్ని నిలబెట్టిన ఊరు పడి ఉన్నప్పుడు మూటా ముల్లే సర్దుకోవడానికి మనసొప్పలేదు. హేచరీ మళ్లీ కట్టేదాకా, ఆ తర్వాతా ఉన్నాం.

2009లో మన దేశంలోనూ వనామీకి అనుమతి ఇచ్చారు. నెల్లూరు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "నీకు తెలిసిన పని గదా, రా అబ్బయ్యా" అని. రొయ్య పంపించింది, రొయ్యే రమ్మంది. నవంబరులో బయల్దేరాం. యాయ్ మెట్ల మీద కూర్చుని మా వాడి మణికట్టుకి తెల్లటి నూలుదారం కట్టింది, మనం తోరం కట్టినట్టే. నాతో "మొక్కు" అని ఒక్క మాట అంది. తీరుస్తాను యాయ్ అన్నాను.

ఆ ఏడు మొహర్రం డిసెంబరు చివర్లో వచ్చింది. తిన్నది నడివేసవిలో, ఇస్తున్నది చలిలో. నీళ్లలో కాలు పెడితే జివ్వుమంది. పన్నెండేళ్లలో జనం ఎంత పెరిగారో! విదేశీ రొట్టె కావాలని అడిగేవాళ్లే ఒక గుంపు ఉన్నారు. అత్తమ్మ గట్టు మీద కుర్చీలో కూర్చుంది, దిగే ఓపిక లేదు. నేను కాల్చిన రొట్టెల సంచి పట్టుకుని మావారు, మా వాడు నా పక్కన నిలబడ్డారు. "ఉద్యోగం రొట్టె" అని మెల్లగా అన్నాను, గొంతు పెగల్లేదు. ఇంకోసారి గట్టిగా అన్నాను. పాతికేళ్లు కూడా లేని అమ్మాయి, కొత్తగా పెళ్లయినట్టుంది, నీళ్లు తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ చాచింది. "మా ఆయన కోసమక్కా" అంది. రొట్టె ఆ చేతుల్లో పెట్టాను. వచ్చే ఏడు మర్చిపోబాక అనాలి కదా. "నీకు వీలైనప్పుడు తెచ్చి ఇయ్యమ్మా" అన్నాను.

పక్కకి తిరిగి చూస్తే మా వాడు లేడు. కంగారుగా వెతికితే నాలుగడుగుల అవతల ఒక ముసలమ్మ ముందు చేతులు చాచి నిలబడి ఉన్నాడు. మణికట్టు దారం తడిసి నల్లబడింది. "ఏం రొట్టె నాయనా?" అని ఆమె అడుగుతోంది. వాడికి తెలుగు మాట వెంటనే దొరకలేదు. మోకాలు చూపించాడు. "ఆరోగ్యం రొట్టె" అని అందించారు మావారు.

వాడు రొట్టె సగం తిన్నాడు. మిగతా సగం జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది యాయ్‌ది" అన్నాడు.